తాడు ఒకటే, లాగే తీరే వేరు: పిండంలో కేంద్రకాల ప్రయాణం

మే నెలలో విశాఖ పూర్ణా మార్కెట్‌లోకి వెళ్తే, మగ్గిపోయి పక్కన పడేసిన మామిడిపండ్ల మీద ఎర్రకళ్ల చిట్టి ఈగలు ముసురుతూ కనిపిస్తాయి. మామిడి రైతులు తిట్టుకునే పండు ఈగ ఇది కాదు. అది పెద్దది, కాయను పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. ఈ చిట్టిది పులిసిన వాసనకు వచ్చే రకం. జువాలజీ ల్యాబుల్లో సీసాల్లో పెంచే డ్రోసోఫిలా ఈ కుటుంబానిదే. దాని గుడ్డు పొడవు అర మిల్లీమీటరు. ఉదయాన్నే విశాఖ స్టేషన్‌లో కిరండూల్ రైలు కదిలే వేళకు ఒక ఈగ గుడ్డు పెట్టిందనుకుందాం. రైలు కొండలెక్కి బొర్రా చేరడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది. ఆలోపు ఆ గుడ్డులో ఒక్క కేంద్రకం కాస్తా వేలల్లోకి వెళ్తుంది. అవి గుడ్డు నడిమధ్య నుంచి అంచుకు వచ్చి, సమానమైన ఎడంతో వరసగా నిలబడతాయి. చివరికి వాటి మధ్య గోడలు కూడా కట్టుకుంటాయి.

వాటిని అంచుకు తెచ్చింది ఎవరు? సొంతంగా నడవడానికి కేంద్రకానికి కాళ్లు లేవు. పైగా కణంలో అన్నిటికన్నా పెద్ద సామాను అదే.

పాఠ్యపుస్తకాల్లో కణం బొమ్మ గీసేటప్పుడు కేంద్రకాన్ని మధ్యలో గుండ్రంగా దించేస్తారు. పరీక్షలో కూడా అక్కడ గీస్తేనే మార్కులు. అందువల్ల కేంద్రకం అంటే ఒకచోట కదలకుండా కూర్చునే వస్తువని మనసులో పడిపోయింది. పిండం సంగతికొచ్చేసరికి ఆ బొమ్మ పనికిరాదు. తల్లి ఈగ అండాశయంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఇంకా తయారవుతున్న అండంలో కేంద్రకం వెనక భాగం నుంచి ముందువైపు ఒక మూలకు వెళ్తుంది. అది చేరిన మూలలో గుర్కెన్ అనే ప్రోటీన్ పోగవుతుంది. ఆ పక్క వీపు అవుతుంది, ఎదుటి పక్క పొట్ట అవుతుంది. (గుర్కెన్ అంటే జర్మన్‌లో దోసకాయలు. ఈగ జన్యువులకు పేర్లు పెట్టేవాళ్ల సరదా అలాంటిది.) ఆ ఒక్క ప్రయాణం జరగకపోతే పుట్టబోయే పిల్లకు వీపేదో పొట్టేదో తేలదు.

గుడ్డు పెట్టాక మొదలయ్యేది ఇంకా పెద్ద ప్రయాణం. మనిషిలోనూ కప్పలోనూ గుడ్డు రెండు కణాలుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడిపోతుంది. ఈగ గుడ్డులో కేంద్రకాలు మాత్రమే విడిపోతాయి, మధ్యలో గోడలు లేవవు. గదులు కట్టకుండా ఒకే కల్యాణమండపంలో జనాన్ని నింపుకుంటూ పోయినట్టు. తొలి విభజనలు ఒక్కొక్కటి ఎనిమిది, తొమ్మిది నిమిషాల్లో అయిపోతాయి. ఇలా 13 సార్లు. లెక్క ప్రకారం 8,192 రావాలి కానీ అంచుకు చేరి నిలిచేవి సుమారు 6,000. కొన్ని లోపల పచ్చసొనలోనే ఉండిపోతాయి. కొన్ని మిగతావాటికన్నా ముందే వెనక కొనకు చేరి, రేపటి అండాలు, వీర్యకణాలు అయ్యే కణాలుగా వేరుపడతాయి. ఆ కొనకు వేళకు కేంద్రకాలు అందకపోతే ఆ కణాలు తయారుకావు, పుట్టే ఈగకు సంతానం ఉండదు. కేంద్రకాలు అంచుకు చేరాక జరిగే చివరి విభజనల వేళాపాళా విక్టోరియా ఫో, బ్రూస్ ఆల్బర్ట్స్ 1983లో నిమిషాల లెక్కన నమోదు చేశారు. ఆ తర్వాత ఈగ పిండం మీద పనిచేసిన వాళ్లందరికీ అదే టైమ్‌టేబుల్.

కణంలో సామాను మోసే ఏర్పాటు గురించి ఇక్కడ కొంత చెప్పుకోవాలి. మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నటి గొట్టాలు పట్టాల్లాంటివి. సెంట్రోసోమ్ అనే చిన్న బిందువు నుంచి అవి చుట్టూ చిమ్ముకొస్తాయి. ఆ పట్టాల మీద డైనీన్ అనే మోటారు ప్రోటీన్ ఒకవైపుకు, కైనెసిన్ కుటుంబంలో ఎక్కువ మోటార్లు దానికి ఎదురువైపుకు నడుస్తాయి. వీటికి తోడు గుడ్డు పొర కింద ఆక్టిన్, మయోసిన్ ఉంటాయి. మన కండరాలను బిగించేవి కూడా ఇవే. కేంద్రకాన్ని కదపాలంటే పట్టా మీద లాక్కెళ్లొచ్చు, లేదంటే అది తేలుతున్న ద్రవాన్నే కదిలించవచ్చు.

ఈగ ఈ రెండూ చేస్తుంది. నాలుగు నుంచి ఆరో విభజన మధ్య కేంద్రకాలు గుడ్డు పొడవునా పరుచుకుంటాయి. 1991లో హటనక, ఒకాడ అనే జపాన్ శాస్త్రవేత్తలు ఆక్టిన్‌ను చెడగొట్టే మందు ఇస్తే ఈ పరుచుకోవడం కుంటుపడిందని చూపించారు. ఎనిమిదో విభజన దాటాక రెండో ప్రయాణం, అంటే మధ్య నుంచి అంచుకు రావడం. దీనికి మైక్రోట్యూబ్యూల్స్ కావాలని 1993లో తేలింది. మొదటి ప్రయాణం వెనక ఉన్న యంత్రం 2019లో ఇంకా స్పష్టంగా బయటపడింది. విభజన ముగిసే ప్రతిసారీ కేంద్రకాల దగ్గర పుట్టే ఒక ఎంజైమ్ సంకేతం గుడ్డు పొర దాకా వ్యాపిస్తుంది. అది తగిలినచోట పొర కింది మయోసిన్ బిగుస్తుంది. ఆ బిగుతుకు కణద్రవ్యం ప్రవాహంలా కదిలి, కేంద్రకాలను రెండు కొనలవైపు తోసుకెళ్తుంది. అంటే తమను మోసుకెళ్లే ప్రవాహాన్ని కేంద్రకాలే పుట్టించుకుంటున్నాయి. గుంపు ఎక్కడుంటే అక్కడ సంకేతం ఎక్కువ, ప్రవాహమూ ఎక్కువ. దాంతో గుంపు దానంతటదే సర్దుకుంటుంది.

ఒకే గుడ్డు, గంట తేడాలో రెండు ప్రయాణాలు, రెండింటికీ వేరువేరు యంత్రాలు. “కేంద్రకాల వలసను నడిపే జన్యువు” అని ఏకవచనంలో రాసే వాక్యాలను అనుమానంగా చూడాల్సింది ఇందుకే.

చాలాకాలం ఈగలో కనబడిందే పురుగులన్నిటికీ వర్తిస్తుందని అనుకున్నారు. ల్యాబుల్లో ఈగలున్నంతగా ఇంకే పురుగులూ లేకపోవడమే దానికి కారణం. వానాకాలంలో కైలాసగిరి వాలు మీద చీకటి పడ్డాక చెవులు గింగిరాలెత్తించే కీచురాళ్లు ఆ నమ్మకాన్ని కదిలించాయి. ఆ కోవకే చెందిన, వీపు మీద రెండు మచ్చలుండే కీచురాయి గుడ్డు దాదాపు మూడు మిల్లీమీటర్లుంటుంది. ఈగ గుడ్డుకు ఆరింతల పొడవు. అక్కడ కూడా మొదట్లో గోడలు లేకుండా కేంద్రకాలే పెరుగుతాయి. 2022లో సెత్ డోనహ్యూ, కసాండ్రా ఎక్స్‌టావర్ బృందం ఆ కేంద్రకాల్ని మెరిసేలా చేసి, ఒక్కొక్కదాని దారి గుర్తించింది. ఈగలోలా వాటిని మోసుకెళ్లే ప్రవాహం అక్కడ కనబడలేదు. ప్రతి కేంద్రకం తన చుట్టూ మైక్రోట్యూబ్యూల్స్‌తో ఒక మేఘాన్ని పరుచుకుంటుంది. పక్కన ఇంకో కేంద్రకం ఉంటే ఆ వైపు మేఘానికి చోటు దొరకదు. ఖాళీ ఉన్నవైపు అది పెద్దదవుతుంది, కేంద్రకాన్ని అటే లాగుతుంది. రద్దీ ఉన్నచోట కేంద్రకాల వేగం తగ్గుతుంది, విభజనకు పట్టే సమయం పెరుగుతుంది. గుడ్డును నడుము దగ్గర నొక్కి ఆకారం మార్చినప్పుడు కూడా కేంద్రకాలు ఈ లెక్క ప్రకారమే నడిచాయి.

ఈ లాగుడు సంగతి విశాఖ తీరంలో వేరే రూపంలో తెలిసిందే. అలివి వల లాగేటప్పుడు రెండు తాళ్లూ ఒడ్డు మీద రెండు చోట్ల జనం పట్టుకుంటారు. ఒక తాడు దగ్గర మనుషులు ఎక్కువైతే వల అటు వాలుతుంది. రెండు పక్కలా లాగుడు సరిసమానమైతే నడిమధ్యగా వస్తుంది. తాడు పొడవుంటే పట్టుకోవడానికి ఎక్కువ చేతులకు చోటు. మైక్రోట్యూబ్యూల్ సంగతీ అంతే. అది ఎంత పొడవుంటే దాని మీద అన్ని డైనీన్లు పట్టు దొరకబుచ్చుకుంటాయి, లాగుడు అంత బలంగా ఉంటుంది. ఇందులో ఒక తిరకాసు ఉంది. వలలో లాగేవాళ్లు ఒడ్డు మీద నిలదొక్కుకుంటారు. కణంలో చాలా డైనీన్లు ఆనుకునేది కణద్రవ్యంలోని చిన్న చిన్న వస్తువుల్నే. అయినా అవి వేలల్లో ఉండేసరికి సరిపోతుంది.

పొడవును బట్టి లాగుడు అనే ఊహ కీచురాయితో పుట్టింది కాదు. దానికి పునాది సముద్రంలో పడింది. తెన్నేటి పార్కు కింద, రుషికొండ పక్కన రాళ్ల సందుల్లో ఒళ్లంతా ముళ్లతో అతుక్కుని ఉండే గుండ్రటి జీవి, సీ అర్చిన్, పిండశాస్త్రానికి నూరేళ్లకు పైగా సేవ చేసింది. దాని గుడ్డు పారదర్శకం. వీర్యకణం లోపలికి వెళ్లిన తర్వాత జరిగేదంతా మైక్రోస్కోప్ కింద కళ్లముందే జరుగుతుంది. వీర్యకేంద్రకం తన వెంట తెచ్చుకున్న సెంట్రోసోమ్ చుట్టూ మైక్రోట్యూబ్యూల్స్‌ను నక్షత్రంలా పరుస్తుంది. ఆ నక్షత్రం గుడ్డు మధ్యకు జరుగుతూ పోతుంది, ఆడ కేంద్రకం దాని దగ్గరికి వచ్చి చేరుతుంది. 1986లో హమగుచి, హిరమోటో చేసిన ప్రయోగం వినడానికి సులువు, చేయడానికి కాదు. సీ అర్చిన్‌కు దగ్గరి చుట్టమైన శాండ్ డాలర్ గుడ్లలో మైక్రోట్యూబ్యూల్స్ పెరగకుండా మందు వేశారు. ఆ మందు అతినీలలోహిత కాంతి తగిలిన చోట పనిచేయడం మానేస్తుంది. గుడ్డులో ఒక మూల మీద మాత్రం కాంతి వేస్తే, అక్కడ మాత్రమే గొట్టాలు పెరిగాయి. కేంద్రకం ఆ మూలకే నడిచింది. 2011లో నికోలా మింక్, ఫ్రెడ్ చాంగ్ బృందం సీ అర్చిన్ గుడ్లను చతురస్రం, త్రిభుజం లాంటి ఆకారాల చిన్న గుంతల్లో ఇరికించింది. గుడ్డు ఆకారం చెబితే కేంద్రకం ఎక్కడ నిలుస్తుందో, విభజన ఏ దిక్కున జరుగుతుందో ముందే లెక్కగట్టగలిగారు.

తాడు లాగుతున్నారు సరే, వల కొస దానికి ముడిపడి ఉండాలి కదా. కేంద్రకానికి రెండు పొరలుంటాయి. బయటి తాడు బయటి పొరకు మాత్రమే కట్టి గట్టిగా లాగితే ఆ పొర సాగుతుంది, లోపలిదంతా ఉన్నచోటే ఉంటుంది. రెండు పొరల్నీ కలిపి కట్టే ముడి ఎలా ఉంటుందో మొదట చెప్పింది ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగు, సీ.ఎలిగాన్స్. 1980లో రాబర్ట్ హార్విట్జ్, జాన్ సల్స్టన్ దాని కణవంశ వృక్షాన్ని చెడగొట్టే మ్యుటేషన్ల కోసం వెతుకుతూ రెండు జన్యువుల్ని పట్టుకున్నారు. వాటి పేర్లు అంక్-83, అంక్-84. ఆ పేరులోని ‘అంక్’ అంటే నడక కుదరని పురుగు అని. కొన్ని నాడీకణాలు పుట్టకపోవడం వల్ల ఆ పురుగులు వంకరటింకరగా నడుస్తాయి, గుడ్లు పెట్టలేక లోపలే నింపుకుంటాయి. అసలు కారణం ఇంకా వెనక ఉంది. పిల్లపురుగులో పీ-కణాలనే కొన్ని కణాల కేంద్రకాలు పక్క నుంచి పొట్ట అడుగుకు రావాలి. దారిలో మైక్రోమీటరులో అయిదో వంతు మందం సందులో నుంచి దూరాలి. కేంద్రకం అడ్డకొలత అంతకు పదిహేను, ఇరవై రెట్లు ఉంటుంది. అవి రాలేకపోతే అక్కడితో చచ్చిపోతాయి, వాటి నుంచి పుట్టాల్సిన నాడులు, గుడ్లు బయటికి వచ్చే ద్వారం ఏవీ ఉండవు.

అంక్-84 ప్రోటీన్‌ను 1999లో చదివాక, దాని కొసభాగం ఈస్ట్‌లోని శాడ్1 అనే ప్రోటీన్ కొసను పోలి ఉందని తెలిసింది. ఇంగ్లిష్‌లో శాడ్‌లోని ‘ఎస్’, అంక్‌లోని ‘యూఎన్’ కలిపి ఆ భాగానికి సన్ అని పేరు పెట్టారు. అది కేంద్రకం లోపలి పొరలో కూర్చుంటుంది. అంక్-83 బయటి పొరలో ఉంటుంది. దాని తోకకు కాష్ అని పేరు. ఈ పేరు కూడా ఈగలోని క్లార్‌సిక్ట్, నులిపురుగులోని యాంక్-1, మనలోని సైన్ జన్యువుల మొదటి అక్షరాలతో వచ్చింది. రెండు పొరల మధ్య ఉన్న ఖాళీలో సన్, కాష్ చేతులు పట్టుకుంటాయి. 2012లో వాటి స్ఫటిక నిర్మాణం బయటికొచ్చినప్పుడు, మూడు సన్‌లు ఒక కట్టగా పెనవేసుకుని మూడు కాష్ తోకల్ని తమ సందుల్లో బిగించి పట్టుకోవడం కనబడింది. అవతలి కొసను కాష్ ప్రోటీన్ డైనీన్‌కో కైనెసిన్‌కో ఆక్టిన్‌కో తగిలిస్తుంది. ఒకే కొక్కేనికి కావాల్సిన తాడు తగిలించుకునే సౌకర్యం అది. యాంక్-1 అయితే ఆక్టిన్‌కు కట్టి కేంద్రకం కదలకుండా లంగరు వేస్తుంది. దాని పొడవు 8,500 అమైనో ఆమ్లాలకు పైనే, ప్రోటీన్లలో రాక్షసి లెక్క. అది పాడైతే కేంద్రకాలు పట్టుతప్పిన పడవల్లా కణంలో అటూ ఇటూ కొట్టుకుపోతాయి.

నులిపురుగు పిండంలో ఈ కుటుంబం పని ఇంకా ముందే మొదలవుతుంది. అండం, వీర్యకణం కలిసిన గంట లోపు ఆడ కేంద్రకం, మగ కేంద్రకం గుడ్డు రెండు కొనల నుంచి కదిలి ఒకదాన్నొకటి చేరాలి. జిగ్-12 అనే కాష్ ప్రోటీన్ సెంట్రోసోమ్‌ను మగ కేంద్రకానికి అంటించి ఉంచుతుంది. దాని లోపలి జత సన్-1. డైనీన్‌ను అణిచేస్తే రెండు కేంద్రకాలూ ఎక్కడివక్కడ నిలిచిపోతాయి, పిండం అక్కడితో ఆగిపోతుంది.

అంక్-84 లేని పురుగుల్ని 15 డిగ్రీల్లో పెంచితే పీ-కణాల కేంద్రకాలు చాలావరకు గమ్యం చేరతాయి. 25 డిగ్రీల్లో పెంచితే చేరవు. విశాఖలో 25 డిగ్రీలంటే జనవరి సాయంత్రం, ఆ పురుగుకు మాత్రం అదే రోహిణి కార్తె. చల్లదనంలో ముడి లేకుండా ఎలా చేరాయన్న ప్రశ్న వెంట వెళ్తే ఆక్టిన్‌తో నడిచే రెండో ఏర్పాటు దొరికింది. ముఖ్యమైన పనికి పరిణామం రెండో దారి ఒకటి అట్టిపెడుతుంది. ఒక జన్యువును తీసేసి “ఏమీ జరగలేదు, దీనితో పనిలేదు” అని తేల్చిన ప్రయోగాల్లో కొన్నింటిని తప్పు ఉష్ణోగ్రతలో చేసి ఉండొచ్చు కూడా.

ఇక బూజు కథ. ఈ రంగంలో అన్నిటికన్నా వింత మలుపు ఇదే, పిండాలతో సంబంధమే లేనిచోట మొదలైంది. ఆగస్టు ఉక్కపోతలో సముద్రం ఒడ్డున ఇళ్లలో చెప్పుల మీద, మూత సరిగా పెట్టని ఆవకాయ జాడీ అంచున పట్టే బూజుల్లో ఆస్పర్‌జిల్లస్ జాతివి ఉంటాయి. వాటి చుట్టమైన ఆస్పర్‌జిల్లస్ నిడ్యులన్స్ మీద రాన్ మోరిస్ 1970ల మధ్యలో పనిచేశాడు. బూజు దారంలా పెరుగుతుంది. ఆ దారం పొడవునా కేంద్రకాలు ఎడం ఎడంగా సర్దుకుంటూ కొసదాకా వెళ్లాలి. మోరిస్‌కు దొరికిన కొన్ని మ్యుటేషన్లలో కేంద్రకాలు విడిపోతున్నాయి కానీ కదలడం లేదు, బీజం దగ్గరే ముద్దగా పోగుపడుతున్నాయి. వాటికి నుడ్ అని పేరు పెట్టి ఏ, సీ, ఎఫ్ అంటూ అక్షరాలు తగిలించారు. 1994 నాటికి నుడ్-ఏ డైనీన్‌లోని పెద్ద ముక్కేనని తేలింది.

అదే కాలంలో వైద్యంలో వేరే దారిలో ఒక వెతుకులాట నడుస్తోంది. కొందరు పిల్లల మెదడు ముడతలు లేకుండా నున్నగా ఉంటుంది. పేరు లిసెన్‌సెఫలీ. ఎంఆర్‌ఐ ఫిల్మ్‌లో ఆ మెదడు ఒకసారి చూసిన రేడియాలజిస్టు మర్చిపోడు: వాల్‌నట్ ఉండాల్సిన చోట కోడిగుడ్డు ఉన్నట్టుంటుంది. ఆ పిల్లలకు మూర్ఛలు వస్తాయి, ఎదుగుదల తీవ్రంగా వెనకబడుతుంది. 1993లో ఓర్లీ రైనర్, ఆమె సహచరులు 17వ క్రోమోజోమ్ కొసలో దానికి కారణమైన లిస్1 జన్యువును కనుగొన్నారు. జన్యువు దొరికింది కానీ అది చేసే పనేమిటో తెలియలేదు. మరుసటి ఏడాది ఆ ప్రోటీన్ ఒక కొవ్వు పదార్థాన్ని విరిచే ఎంజైమ్‌లో భాగమని బయటపడింది. దాంతో అందరూ ఆ ఎంజైమ్ వైపే చూశారు. 1995లో మోరిస్ బృందం నుడ్-ఎఫ్‌ను చదివింది. అది మనిషి లిస్1తో 42 శాతం సరిపోయింది. నున్నటి మెదడుకు కారణం కొవ్వులో లేదు, డైనీన్ దగ్గర ఉందని బూజు చెప్పింది. వైద్యపరిశోధనకు డబ్బిచ్చేవాళ్లు 1975లో ఒక బూజు దారంలో కేంద్రకాల ఎడం గురించిన దరఖాస్తు చూసి ఉంటే ఏమనేవారో ఊహించడం కష్టం కాదు.

మెదడులో జరిగేది ఇది. పిండదశలో నాడీకణాలు లోపలి గోడ దగ్గర పుట్టి పైకి ప్రయాణిస్తాయి. కణం ముందుకు ఒక సన్నటి కొమ్మ చాస్తుంది, సెంట్రోసోమ్ ఆ కొమ్మలోకి జరుగుతుంది, ఆ తర్వాత వెనకనున్న కేంద్రకాన్ని డైనీన్ దాని దగ్గరికి లాగుతుంది. మళ్లీ కొమ్మ, మళ్లీ లాగుడు. లిస్1 సగమే ఉంటే లాగుడు మందగిస్తుంది, చాలా కణాలు దారిలోనే ఆగిపోతాయి. డైనీన్ ఒంటరిగా ఉన్నప్పుడు రెండు చేతులూ ముడుచుకుని పని మానేసిన భంగిమలో ఉంటుంది. లిస్1 దాన్ని ఆ భంగిమలోకి మళ్లీ ముడుచుకోకుండా పట్టి ఉంచుతుందని 2020 ప్రాంతపు ప్రయోగాలు చూపించాయి. అంటే లిస్1 స్వయంగా లాగదు, లాగేవాణ్ణి లేపి నిలబెడుతుంది. సగం లిస్1తో మెదడు దెబ్బతింటే, మొత్తం లేకపోతే ఏమవుతుంది? చిట్టెలుకల్లో రెండు ప్రతులూ తీసేస్తే పిండం గర్భాశయానికి అంటుకున్న కొద్ది కాలానికే పోతుందని 1998లో తేలింది. ఈగలో అండకేంద్రకం మూలకు చేరడానికీ ఇదే లిస్1 కావాలి. బూజు దారం, ఈగ వీపు, మనిషి మెదడు ముడత, మూడింటి వెనకా ఒకటే జన్యువు.

“కోట్ల ఏళ్లుగా మారకుండా వచ్చిన జన్యువులు” అనే మాట ఇలాంటి చోట రాకుండా ఉండదు. ఆ మాటలో ఏది నిలిచిందో, ఏది మారిందో విడదీయకపోతే తప్పుదారి పట్టిస్తుంది. ఒకే ఇంటిపేరున్న నలుగురిలో ఒకరు వేటకు వెళ్తారు, ఒకరు పోర్టులో క్రేన్ నడుపుతారు. ఇంటిపేరు చెప్పగానే వృత్తి తెలిసిపోదు. డైనీన్, లిస్1, సన్, కాష్ అనే భాగాలు నిలిచాయి. వాటిని ఏ దిక్కున, ఎంత పొడవు తాడుతో, దేనికి ఆనించి వాడాలన్నది జంతువు జంతువుకూ మారుతూ వచ్చింది. ఈగ తొలి ప్రయాణాన్ని ప్రవాహానికి అప్పగించింది, కీచురాయి అదే పనిని లాగుడుతో చేయించుకుంది. ఇద్దరూ పురుగులే, ఇద్దరి గుడ్డులోనూ చివరికి కనబడేది అంచున వరసగా నిలిచిన కేంద్రకాలే. పూలమొక్కలైతే ఇంకా దూరం వెళ్లాయి. వాటిలో డైనీన్ మొత్తానికే మాయమైంది. సన్ ప్రోటీన్ మాత్రం ఉంది, కేంద్రకాన్ని మయోసిన్ కదుపుతుంది. కొక్కెం ఉంచుకుని తాడు మార్చేశాయన్నమాట.

విశాఖ నుంచి భీమిలి దారిలో ఉన్న రొయ్యల హేచరీల్లో దీనికి ఇంకో సాక్ష్యం రోజూ ట్యాంకుల్లో తేలుతూ ఉంటుంది. రొయ్య కూడా ఈగలాగే కీళ్లకాళ్ల జీవి. అయినా వనామీ గుడ్డు మొదటి విభజనతోనే రెండు పూర్తి కణాలుగా కోసినట్టు విడిపోతుంది, తర్వాత నాలుగు, ఎనిమిది. ఉమ్మడి మండపం లేదు, అంచుకు దూరప్రయాణం లేదు. ఇక్కడ కేంద్రకాన్ని లాగే ఏర్పాటుకు మిగిలిన పని ప్రతి చిన్న కణంలో దాన్ని సరైన చోట నిలిపి, కోత ఏ దిక్కున పడాలో తేల్చడం. గుడ్డు పెట్టిన మర్నాటికి నాప్లీ అనే రొయ్య పిల్లలు ఈదుతుంటాయి కాబట్టి హేచరీలో ఎవరికీ ఈ సంగతి పట్టదు, పట్టాల్సిన అవసరమూ లేదు.

మనిషి దగ్గరికొచ్చేసరికి ఇంకో చిక్కు. పిండం తొలిరోజు గురించి పాలిచ్చే జంతువుల్లో తెలిసినదానిలో పెద్దభాగం చిట్టెలుక నుంచి వచ్చింది. చిట్టెలుకలో వీర్యకణం సెంట్రోసోమ్‌ను తేదు. దాని రెండు కేంద్రకాలు ఒకదానికొకటి దగ్గరవడానికి ఆక్టిన్ సాయం కూడా తీసుకుంటాయి. మనిషిలో, ఆవులో వీర్యకణమే సెంట్రియోల్ (సెంట్రోసోమ్ నడుమ ఉండే గింజలాంటి భాగం) తెస్తుంది, దాని చుట్టూ సీ అర్చిన్‌లోలా మైక్రోట్యూబ్యూల్స్ నక్షత్రం లేస్తుంది. ఈ ఒక్క విషయంలో మనిషి పక్కనున్న చిట్టెలుకను వదిలి, రుషికొండ రాళ్ల మీది ముళ్లజీవికి దగ్గరయ్యాడు. రెండు కేంద్రకాలూ కలిసే సరిహద్దు దగ్గరికి వాటి లోపలి క్రోమోజోములు కూడా చేరి గుమిగూడతాయని, అలా చేరనప్పుడు పంపకంలో పొరపాట్లు ఎక్కువవుతాయని 2021లో ఆవు, మనిషి పిండాల మీద చేసిన పని చూపించింది. పంపకం తప్పిన పిండాల్లో చాలా వరకు నిలవవు.

నగరంలోని ఐవీఎఫ్ కేంద్రాల్లో ఎంబ్రియాలజిస్టు దీన్ని వేరే మాటల్లో రోజూ రాసుకుంటారు. అండంతో వీర్యకణాన్ని కలిపిన 16 నుంచి 18 గంటలకు డిష్‌ను మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తారు. పక్కపక్కనే ఆనుకుని రెండు గుండ్రటి వలయాలు కనబడితే షీట్‌లో ‘టూ పీఎన్’ అని రాస్తారు, అంటే ఆడ, మగ కేంద్రకాలు రెండూ కనబడ్డాయని. రెండూ కనబడినా ఒకదానికొకటి దూరంగా ఉండిపోతే ఆ పిండం మీద ఆశ కొంచెం తగ్గించుకుంటారు.